ఇంట్లో ఒకరికి ఒక అక్షరం

మొన్న పెట్టె అడుగున ఉన్న పాత చీరను ఎండకు వేద్దామని తీశాను. మడత విప్పితే ఒక కాగితం జారి ఒళ్లో పడింది. పిల్లల కాపీ పుస్తకంలోని కాగితం. పైన నీలం సిరాతో వేలిముద్ర, దాని కింద వంకరటింకరగా ఒకటే అక్షరం, పేజీ నిండా. జరీ నల్లబడకుండా మడతల మధ్య కాగితం పెట్టడం మా నేతగాళ్లకు అలవాటు. అంచులో పోగు తప్పిందని షావుకారు తిప్పి పంపిన చీర అది, ఇంట్లోనే ఉండిపోయింది. ఆ వేలిముద్ర నాది. కాపీలో నుంచి చింపి అక్కడ పెట్టిందీ నేనే. అప్పట్లో అట్లా చింపిన కాగితాల వల్ల ఒక మంచి సారు పేరు చెడిపోబోయింది. ఆ సంగతి నా చేత్తోనే రాయాలని కూర్చున్నాను. నా అక్షరాలు పెద్దవి, పేజీకి ఎనిమిది లైన్ల కన్నా పట్టవు. ఆలస్యంగా నేర్చిన చెయ్యి ఇంతే.

అందరికీ ఒక బాల్యం ఉంటుంది. నాకు రెండున్నాయి.

మొదటిది గద్వాలలో మా నేతోళ్ల వీధిలో గడిచింది. పొద్దు పొడుస్తుండగానే పడుగును వీధి పొడవునా చాచి కట్టి గంజి పట్టించేవారు. పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన కలిసి ఇంటింటికీ వచ్చేవి. ఆ పడుగు కింద ఇటు నుంచి అటు పాకడం మా ఆట. తల తగిలి ఒక్క పోగు తెగిందంటే వీపు పగిలేది. నాకు ఆరేళ్లు రాగానే రాట్నం ముందు కూర్చోబెట్టారు. నాయన మగ్గం గుంతలో దిగి నేస్తుంటే, ఆయనకు కావలసిన నూలు కండెలు చుట్టి ఇవ్వడం నా పని. అన్న మాత్రం బడికి పోయేవాడు. నాకెందుకు లేదని ఒకసారి అడిగాను. మగ్గానికి కండ్లు చాలు, కండ్లకు సదువెందుకని నాయన అన్నాడు. అమ్మ జొన్నరొట్టె మీద పుంటికూర పెట్టి నా చేతిలో పెట్టింది, అంతే.

అన్న పలక మీద నాకు కన్నుండేది. వాడు నిద్రపోయిన మధ్యాహ్నం వాడి సంచిలో నుంచి బలపం దొంగిలించి, రాయడం రాక, తినేశాను. తొలి వానకు తడిసిన గోడ రుచి. రెండోది కూడా తిన్నాను. మూడోదానికి అమ్మ పట్టుకుంది. చదువు నా నాలుక దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

రెండో బాల్యం నా తల నెరిశాక వచ్చింది. అప్పటికి నాకు మనవరాలు, మూడో తరగతి. కొడుకు మగ్గం మీద, కోడలు కండెల మీద. ఇద్దరూ అయిదో తరగతి దాకా చదివినవాళ్లే. ఇంట్లో వేలిముద్ర నాదొక్కదానిదే. నా పని కొంగు అతకడం. మా గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, కొంగు పట్టు. నూలు పోగు చివర పట్టు పోగును ఒక్కొక్కటిగా ముడి వేసి అతకాలి. వేల పోగులు. కూర్చుంటే పొద్దు ఎటు పోయిందో తెలిసేది కాదు.

సర్కారు బళ్లలో మధ్యాహ్నం అన్నం పెట్టడం మొదలైన రోజులు. మా వీధి చివరి బడికి ఒక కొత్త సారు వచ్చాడు. ఉప్పునుంతల దిక్కు మనిషి, సేద్యం చేసేవాళ్ల బిడ్డ. మగ్గం అంటే దూరం నుంచి చూడటమే తప్ప ఏమీ తెలియదు. వచ్చిన నెలకే ఆయన పిల్లలకు ఒక వింత ఇంటి పని పెట్టాడు. మనవరాలు సంచి కింద పడేసి నా ముందు కూర్చుంది.

"అవ్వా, ఇంట్లో సదువు రానోళ్లకు దినానికి ఒక అక్షరం నేర్పాలంట. నువ్వు నేర్వకపోతే నాకు మార్కుల్లేవు."

"నువ్వు నేర్పితే మీ సారేం జేస్తడే? జీతం నీకిస్తరా?" అన్నాను.

ఆయన పద్ధతి ఇది. కాపీలో కుడి పేజీ పిల్లది, ఎడమ పేజీ ఇంట్లో పెద్దవాళ్లది. మొదటిరోజు ఎడమ పేజీ మీద పెద్దవాళ్లు వేలిముద్ర వేయాలి. దాని కింద, ఆ తర్వాతి ఎడమ పేజీల్లో, రోజుకో అక్షరం పేజీ నిండా దిద్దుతూ పోవాలి. ఎప్పుడైతే ఆ మనిషి తన పేరు తాను రాస్తాడో, ఆ రోజు ఆ పిల్ల బడి గంట కొట్టొచ్చు. అన్నం గంట కాదు, ఇంటి గంట కాదు, వట్టిగా తన ఇష్టం వచ్చినంతసేపు కొట్టుకునే గంట. బడి గంటంటే ఒక రైలు పట్టా ముక్క. దాన్ని కొట్టాలని ఆశ లేని పిల్ల ఆ బడిలో ఒక్కతీ లేదు.

వేలిముద్ర వేశాను. అక్షరం మాత్రం నాతో కాదన్నాను. పిల్ల ఏడుస్తుంటే ఒక ఉపాయం చెప్పాను: ఎడమ చేత్తో వంకరగా నువ్వే రాసుకో, ముసలిదాని రాత అనుకుంటాడు. రాసింది. మర్నాడు కండ్లు వాచేలా ఏడ్చుకుంటూ వచ్చింది. సారు కాపీ చూసి ఒక్కమాట కూడా తిట్టలేదట. కాగితం వెనక్కి తిప్పి వేళ్లతో తడిమి, ఇది పెద్దచెయ్యి కాదు బిడ్డా, పెద్దచేతికి బరువుంటుంది, రాత వెనకవైపు పొంగుతుంది అన్నాడట.

నాకు సిగ్గు వేయాలి. కోపం వచ్చింది. కొంగు నడుముకు చుట్టి బడికి పోయాను.

బడిలో సాంబారు వాసన. సారు కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన పిల్లల మధ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. నేను గుమ్మంలోనే నిలబడి, నీ దగ్గర పని తక్కువై మా మీద పడ్డావా, ఈ వయసులో నా వేళ్లు వంగుతాయా అని నోటికొచ్చింది అన్నాను. ఆయన లేచి చాప చూపించాడు.

"కూసోండ్రి పెద్దమ్మా. మీరు కొంగు అతుకుతరంట గదా. ఆ ముడి ఎన్ని దినాలకు వచ్చింది మీకు?"

నెల పట్టిందన్నాను. ఎవరు, ఎట్లా నేర్పారని అడిగాడు. మా అమ్మ పక్కన కూర్చునేది. నా చెయ్యి పట్టుకునేది కాదు. తప్పు వేస్తే విప్పి మళ్లీ రెండు పోగులూ నా చేతికిచ్చేది, ఒక్కమాట అనేది కాదు. అదే చెప్పాను.

ఆయన, నాకు నేర్పుతారా అని అడిగాడు.

వేళాకోళం అనుకున్నాను. సాయంత్రం బడి వదిలాక నిజంగానే వచ్చాడు, వెనకాల తరగతి తరగతంతా. మా ఇంట్లో చాప మీద కూర్చున్నాడు. రెండు పోగులు ఇచ్చాను. ముడి వేయబోతే పట్టు పోగు తెగింది. పిల్లలు నవ్వారు. ఇంకోటి ఇచ్చాను, అదీ తెగింది. ఈసారి నా మనవరాలు కూడా నవ్వింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి, గట్ల కాదు సారూ, ఎంగిలి పెట్టాలె, వేలు తిప్పాలె అని చెబుతుంటే ఆయన చెమటలు తుడుచుకుంటూ వింటున్నాడు. ఒక్కడి మీద కూడా కన్నెర్ర చేయలేదు. వారం వచ్చాడు. ఎనిమిదో రోజు ముడి నిలిచింది. ఆయన దాన్ని చూసుకున్న తీరు చూడాలి, పొలంలో మొదటి మొలక చూసినట్టు.

నేను షావుకార్లను చూశాను, ఆఫీసుల్లో పెద్దపెద్దోళ్లను చూశాను. తన చేతి కింద చదివే పిల్లల ముందు రానిపని చేసి, వాళ్లతో నవ్వించుకుని, వాళ్ల దగ్గరే నేర్చుకున్న మనిషిని అదే మొదలు చూడటం. ఆయన వెళ్లాక చాలాసేపు నా చేతిలో పోగు కదలలేదు. ఇంత పెద్ద చదువు చదివినోడు పోగు తెంపడానికి సిగ్గుపడలేదు, నాకు గీత గీయడానికి సిగ్గేంది అనిపించింది. మర్నాడు మనవరాలిని పిలిచి బలపం ఇయ్యమన్నాను. ఈసారి తినలేదు.

ఆ ఏడాది మా వీధి వేరే వీధి. మగ్గం ఆడుతుంటే పక్కన పలక. రొట్టె కాలుస్తూ పెనం మీద పిండితో అక్షరం రాసే ఆడవాళ్లు. బండి మీద ఉగ్గాని బజ్జీ కట్టిచ్చిన కాగితాన్ని పారేయకుండా, నూనె మరకల మధ్య తెలిసిన అక్షరం ఉందేమోనని వెతికే ముసలోళ్లు. ఎదురింటి తాత నన్ను చూసి పళ్లు లేని నోటితో నవ్వేవాడు.

"ఏంది వదినా, కలెక్టర్ అయితవా?"

"అయితే మొదలు నీ పింఛనే ఆపుత," అనేదాన్ని.

మూడు నెలలకు ఆయన మనవడే గంట కొట్టాడు. ఆ రోజు తాత తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ముక్కు చీదుతూ కూర్చున్నాడు. నేను చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాను.

వేళకాని వేళ బడి గంట మోగిందంటే వీధిలో మగ్గాలు ఆగేవి. ఎవరిదో పేరు ఇవాళ వాళ్ల చేతికి వచ్చిందని అర్థం. ఎవరు, ఎవరు అని ఇంటింటికీ అడిగేవారు. నా వంతు వచ్చిన రోజు మనవరాలు ఎంతసేపు కొట్టిందంటే సాంబారు వండే ఆమె బయటికి వచ్చి చెవులు మూసుకుంది. ఆ సాయంత్రం రేషన్ కార్డు తీసి చూశాను. ఇన్నేళ్లూ దాని మీద నా పేరు కూర్చునే ఉంది. దాన్ని సంచిలో పెట్టుకుని ఎన్నిసార్లు తిరిగానో. ఎదురుగా ఉన్నా గుర్తుపట్టని చుట్టాన్ని చూసినట్టయింది. వేలితో దాన్ని తడిమి, లోపల పెట్టి, మళ్లీ తీసి చూశాను.

ఎండాకాలం వచ్చింది. బడి మూసేశారు. పెళ్లిళ్ల రోజులు, చీరలకు గిరాకీ. చీర మడత పెట్టిన ప్రతిసారీ జరీ మధ్య కాగితం కావాలి. రాసిన కాగితం దాచుకోవడం మా వీధిలో ఎవరికీ అలవాటు లేదు. కాగితమంటే మాకు జరీకి మేలు చేసే వస్తువు. నిండిన కాపీలు గూట్లో కనిపించాయి. నేను చింపాను, పక్కింటావిడ చింపింది, వీధంతా చింపింది. మా వేలిముద్రలు, మా అక్షరాలు, మా పేర్లు అన్నీ చీరల మడతల్లో కూర్చుని హైదరాబాద్ బస్సెక్కిపోయాయి.

బడి తెరిచాక తెలిసింది, హెడ్మాస్టరు పెద్దసారు మన సారు పేరును పాలమూరుకు పంపాడని. అప్పుడు జిల్లా అంటే పాలమూరే. కొత్తగా పాఠం చెప్పే పంతుళ్లను వెతికి సన్మానం చేస్తారట. అదే సమయంలో ఎవరో ఇంకో కాగితం కూడా పంపారు: ఈ సారు పిల్లల చదువు మానిపించి ముసలోళ్లకు అక్షరాలు దిద్దిస్తున్నాడని. చూసిపోవడానికి ఒక మేడం, ఫైలు పట్టుకున్న ఒక ఆయన వస్తున్నారు. మేం నిజంగా నేర్చామని తేలితే సన్మానం. కాదంటే సంజాయిషీ అడుగుతారు, ఈ ఇంటి పని ఆగిపోతుంది. ఆ మాట పెద్దసారే స్వయంగా వచ్చి మాకు చెప్పి, పోయినేడు కాపీలు తెచ్చి పెట్టమన్నాడు.

గూడంతా వెతికినా ఒక్క పేజీ దొరకలేదు, ఆ మాట సారుకు చెప్పడానికి మొహం చెల్లలేదు.

వాళ్లు వచ్చిన రోజు మా వీధి వీధంతా బడి కిటికీల దగ్గర ఉంది. ఫైలు ఆయన ఆధారం చూపించమన్నాడు. సారు పిల్లలను ఇళ్లకు పంపాడు. ఒక్కొక్కరూ వట్టిచేతులతో తిరిగొచ్చారు. సారు మొహం మాడింది కానీ పిల్లలను ఏమీ అనలేదు. నేనే లోపలికి పోయి చెప్పాను, కాపీలు లేవు, చింపి జరీలో పెట్టుకున్నాం, తప్పు మాదే అని.

"అంటే సదువంతా చీరలల్ల అమ్ముడు పోయిందన్నట్టు," అని ఫైలు ఆయన నవ్వాడు.

మేడం నవ్వలేదు. ముందున్న పుస్తకం నా వైపు తిప్పి, మీరు వచ్చారు కదమ్మా, ఇక్కడ సంతకం పెట్టండి అంది.

ఇక్కడ జరిగింది ఇన్నేళ్లయినా నాకు మండుతుంది. సర్కారు మనిషి, బల్ల మీద పుస్తకం, దాని మీద ఖాళీ జాగా. అది చూడగానే నా ఎడమ చెయ్యి దానంతటదే లేచింది, బొటనవేలు ముందుకొచ్చింది. బ్యాంకులో, రేషన్ దుకాణంలో, మండలాఫీసులో నా జన్మంతా చేసిన పని అదే. నేను వద్దనుకునేలోపే ఫైలు ఆయన సిరా డబ్బా మూత తీశాడు. సారు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఒక్కమాట సాయం చేస్తాడేమోనని చూశాను. ఆయన నా వైపు చూడలేదు, నా మనవరాలి వైపు చూశాడు.

పిల్ల లేచి వచ్చింది. నా పక్కన నేల మీద కూర్చుని నన్ను కూడా కూర్చోమంది. బల్ల మీది పుస్తకాన్ని మేడంను అడిగి కిందికి దించి నా ముందు పెట్టింది. కలం నా కుడిచేతి దగ్గర పెట్టింది, చేతిలో పెట్టలేదు.

"తొందర లేదవ్వా. మొదటి గీత ఏడికెళ్లి మొదలైతది?"

ఫైలు ఆయన ఏదో అనబోయాడు. పిల్ల తల తిప్పకుండానే అరచెయ్యి అటు చాపింది, సారు తరగతిలో చేసినట్టే. ఆయన నోరు మూసుకున్నాడు. కలం తీసుకున్నాను. మొదటి గీత తప్పింది. పిల్ల తిట్టలేదు, చెయ్యి పట్టుకోలేదు, పక్కన ఇంకో జాగా వేలితో చూపించింది. అదే మా అమ్మ. నా ముందు తొమ్మిదేళ్ల వయసులో మా అమ్మ కూర్చుని ఉంది. నేను రాశాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. ఇంటిపేరుతో సహా రాశాను.

పిల్ల చప్పట్లు కొట్టలేదు. కాగితం ఎత్తి వెనకవైపు వేళ్లతో తడిమింది. "బరువుంది," అంది.

అదేందని మేడం అడిగింది. పెద్దచెయ్యి నిజంగా రాస్తే వెనక పొంగుతుందని పిల్ల చెప్పింది. మేడం వంగి తాను కూడా కాగితం వెనక తడిమి చూసింది. ఆ తర్వాత కిటికీ దగ్గరున్నవాళ్లందరినీ లోపలికి పిలిచింది. ఎదురింటి తాత మొదలు అందరూ నేల మీద కూర్చుని, ఎవరి పిల్ల పక్కన వాళ్లు, ఆ పుస్తకంలో పేర్లు రాశారు. పుస్తకంలో రెండు పేజీలు నిండాయి. ఇంకా కొందరు సగం పేరే రాశారు. వాళ్ల పిల్లలు తలలు దించుకోలేదు, మిగతాది రేపు రాస్తారన్నారు.

పోయే ముందు మేడం సారును అడిగింది, అంతసేపూ మీరెందుకు మాట్లాడలేదని.

"ఆ పెద్దమ్మకు సారు నేను కాదు మేడం," అన్నాడు ఆయన. "ఆ పిల్ల."

సన్మానం వచ్చింది. పాలమూరులో స్టేజీ మీద కూర్చోబెట్టి, కాగితం ఇచ్చి, శాలువా కప్పారు. తిరిగొచ్చి ఆ కాగితాన్ని గుమ్మంలో నిలబడి పిల్లలతో చదివించాడు. మేం శాలువా చూశాం. మిల్లు శాలువా. గద్వాల సారుకు మిల్లు గుడ్డ కప్పడానికి వాళ్లకు చేతులెట్లా వచ్చాయో అని మా ఆడవాళ్లు రెండు రోజులు తిట్టుకున్నారు. మా కొడుకు నూలు కండువా ఒకటి నేసి, కొసలు నా చేత ముడి వేయించి, సారుకు కప్పాడు. సారు ఆ ముళ్లు ఒక్కొక్కటే పట్టుకుని చూశాడు.

సన్మానం ఇచ్చిన చెయ్యే ఆయనను తీసుకుపోయింది. ఇంత మంచి సారు ఒక్క వీధిలో ఎందుకు, పంతుళ్లకే నేర్పమని ముందు వనపర్తికి, అక్కడి నుంచి అమ్రాబాద్ దిక్కుకు పంపారు. పోయేరోజు బస్టాండు దాకా పోయాం. పిల్లలు ఏడ్చారు. నేను ఏడవలేదు. నాకు కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియని కోపం.

ఆయన జాగాలో ఇంకో సారు వచ్చాడు. మంచివాడే, నెమ్మదస్తుడు. పిల్లలకు ఎక్కాలు ఇచ్చేవాడు, తెలుగు పాఠం ఇచ్చేవాడు. మనవరాలు సాయంత్రం కూర్చుని తన పని తాను చేసుకుని కాపీ మూసేసేది. ఎడమ పేజీ ఖాళీ. నాలుగు రోజులు చూశాను. వీధిలో అడిగితే అందరిళ్లల్లోనూ అదే. అయిదో రోజు మధ్యాహ్నం నేను, పక్కింటావిడ, ఎదురింటి తాత, మొత్తం పదకొండు మందిమి కాపీలు చంకలో పెట్టుకుని బడికి పోయాం. కొత్త సారు మమ్మల్ని చూసి, పిల్లలు ఏం తప్పు చేశారో అని గాబరాపడ్డాడు.

"ఇంటి పని ఎందుకిస్తలేరు సారూ?" అన్నాను.

"రోజూ ఇస్తున్నా గదమ్మా."

"అది వాళ్లది. మా సంగతేంది? మాకింకా ఒత్తులు రాలే."

ఆయన మా మొహాలు చూశాడు, చంకల్లోని కాపీలు చూశాడు. తర్వాత కుర్చీలో నుంచి లేచి, ఏ ఒత్తు కాడ ఆగిండ్రు అని అడిగాడు.

ఇప్పుడా వీధిలో మగ్గాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పొద్దున గంజి వాసన లేదు. ఎదురింటి తాత లేడు. సారు ఎక్కడున్నాడో, రిటైరయ్యాడో తెలియదు. పాలమూరు కాగితం ఆయన దగ్గర భద్రంగానే ఉండి ఉంటుంది. మేం పదకొండు మందిమి పోయి మా పాఠం మాకు కావాలని అడిగిన సంగతి మాత్రం ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. అందుకే రాశాను.